తల తడవకూడదు, కాళ్లూ తడవకూడదు

అందరికీ నమస్కారం. నా చేతిలో రెండు వెదురు ముక్కలున్నాయి. వాటి సంగతి తర్వాత. ముందు నేను చేసిన తప్పు వినండి.

ఇల్లు కట్టుకున్న ఏడాది డాబా మీద వెదురు పందిరి వేయించాను. చూడముచ్చటగా ఉండేది. ఆరు నెలలు తిరక్కుండానే కింద రోజూ సన్నటి పొడి, పిండి జల్లించినట్టు. ఊడ్చి ఊడ్చి విసుగెత్తి, చేటలూ బుట్టలూ అల్లే మేదరి పెద్దాయన్ని పిలిచి చూపించాను. గోటితో గీకి, "ఎండాకాలం కొట్టిన బొంగమ్మా ఇది. తీపి మీదుంది. పురుగు ఊరుకుంటదా?" అన్నారు.

ఆ తీపి పిండిపదార్థం. వానలకు కొమ్ములు, అంటే నేలలోంచి కొత్త మొలకలు, వేయడానికి వెదురు ముందుగా దాచుకునే తిండి. కొమ్ములు పెరిగేసరికి అది ఖర్చయిపోతుంది. అందుకే వానలు వెనకబట్టాక, చలికాలంలో నరకాలి. అదీ మూడు నాలుగేళ్ల బొంగునే. ఏడాది బొంగు ఆరితే ముడతలు పడుతుంది. అమావాస్యకే నరకాలనే వాళ్లతో నేను వాదించను. నెల కుదిరితే చాలు, తిథి వాళ్లిష్టం.

తర్వాత మందు. పూర్వం చెరువులో నానేసేవారు. ఇప్పుడు వంద లీటర్ల నీటికి సుమారు మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ యాసిడ్ కలిపి తొట్టిలో నానబెడతారు. బొంగు పైతొక్క నీటిని పీల్చదు, కాబట్టి కణుపుల లోపలి అడ్డుబిళ్లల్ని పొడవాటి చువ్వతో పొడిచాకే ముంచాలి. ఇక్కడే ఒక చిక్కుంది. నీళ్లలో కరిగిన మందు వానకు తడిస్తే నీళ్లతోనే పోతుంది. కాబట్టి చూరు బాగా ముందుకు లాగి వెదురు తల కాపాడాలి, అడుగున రాతి దిమ్మె వేసి కాళ్లు కాపాడాలి. మన పాత ఇళ్ల చూరు నెత్తికి తగిలేంత కిందికి ఎందుకు దిగేదో నాకప్పుడు తెలిసింది.

2022లో ప్రారంభమైన బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్ ఫొటో చూపించి, "మా పోర్టికోకీ ఇదే కావాలి" అంటుంటారు. అక్కడ పైకప్పు లోపలివైపు వాడింది పచ్చి బొంగు కాదు, ఫ్యాక్టరీలో తయారు చేసిన వెదురు. పైగా అది ఎండావాన తగలని చోటు.

తోట విషయానికొస్తే, కాంపౌండ్ గోడ పక్కన దుబ్బుగా ఒకేచోట పెరిగే రకమే నాటండి. 'గోల్డెన్ బాంబూ' పేరుతో దుబ్బు రకమూ ఉంది, వేరు పరిగెత్తించి పక్కింట్లో మొలిచే చైనా రకమూ ఉంది. పేరు నమ్మకుండా, పెరిగిన మొక్క ఎలా ఉందో చూసి కొనండి. టేబుల్ మీది లక్కీ బాంబూ అయితే అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క.

పొలంలో వెదురు పెంచితే నరకనివ్వరేమోనన్న భయం ఇంకా కొందరికుంది. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టంది. 2017లో సవరించాక, అడవి బయట పెరిగింది చెట్ల లెక్కలోకి రాదు. అది గడ్డి జాతిదని వృక్షశాస్త్రం ముందునుంచీ చెబుతూనే ఉంది.

ఇక ఈ ముక్కలు. ఒకటి ఏడాదిది, ఒకటి నాలుగేళ్లది. వెనక వరుస దాకా పంపించండి, వేలితో కొట్టి వినండి. ఖంగుమన్నది ఏదో చెబితే మిగతా ప్రశ్నలు అక్కణ్నుంచి మొదలెడదాం.