ఒకే కొమ్మలో రెండు మొక్కలు

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక ఆకు ఇస్తున్నాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు చూసి వెనక్కి పంపండి. కవర్లోంచి మాత్రం బయటికి తీయకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

అంచు చుట్టూ వెన్న రంగు. నడుమ ఆకుపచ్చ. ఆ పచ్చలోనే కొన్నిచోట్ల బూడిద చల్లినట్టు ఉంటుంది. ఇది బ్రగ్మాన్సియా ఆకు. ఊటీ, కొడైకెనాల్ వెళ్లినప్పుడు రోడ్డు పక్కన జానెడు పొడవున బూరల్లాంటి పువ్వులు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తాయే, ఆ చెట్టే. మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని ఉమ్మెత్తల్లోనే కలిపేశాడు. 1805లో పెర్సూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వేరుచేసి, డచ్చి శాస్త్రవేత్త బ్రగ్మాన్స్ పేరు పెట్టాడు. తేడా తేలికే. ఉమ్మెత్త పువ్వు ఆకాశం వైపు చూస్తుంది, కాయకు ముళ్లుంటాయి. బ్రగ్మాన్సియా పువ్వు నేల చూపు చూస్తుంది, కాయ నున్నగా ఉంటుంది, మొక్క చెట్టవుతుంది.

బెంగళూరుకు వచ్చిన కొత్తలో మా మిద్దె మీద మామూలు ఆకుపచ్చ రకమే ఉండేది. తర్వాత ‘స్నోబ్యాంక్’ అనే తెల్ల అంచు రకం చేతికి వచ్చింది. పువ్వు కన్నా ఆకు కోసం మొక్కను పెంచడం అప్పుడే నేర్చుకున్నాను. అయితే ఇది ఒక మొక్క అనుకుని పెంచినన్నాళ్లూ నష్టపోయాను. ఇది రెండు మొక్కలు, ఒకే కొమ్మలో కాపురం ఉంటున్నాయి. ఈరోజు చెప్పదలుచుకున్నది ఆ కాపురం సంగతే.

కొమ్మ చివర, చిగురాకుల మధ్య, కంటికి ఆననంత చిన్న గోపురం ఉంటుంది. మొక్క పెరుగుదలంతా అక్కడినుంచే. ఆ గోపురానికి మూడు పొరలు. పై పొర ఆకుకు చర్మం అవుతుంది. రెండో పొర ఆకు అంచును, చర్మం కింది భాగాన్ని తయారుచేస్తుంది. మూడోది ఆకు నడిమి భాగంలో లోపలి కండ. ఎప్పుడో ఒకసారి, ఏ ఒక్క కణంలోనో పొరపాటు జరిగి పత్రహరితం తయారు కాకుండా పోతుంది. ఆ కణం సంతానమంతా తెల్లనే. అవి రెండో పొరను ఆక్రమిస్తే మీ చేతిలో ఉన్న ఆకు వస్తుంది. మూడో పొర అంచు దాకా చేరదు కాబట్టి అంచు పూర్తిగా తెలుపు. నడుమ లోపలి పచ్చదనం ఉంది, కానీ దాని మీద తెల్ల పొర కప్పి ఉంది. తెల్ల వాయిల్ చీర కింద ఆకుపచ్చ లంగా కట్టుకుంటే ఎలా కనిపిస్తుందో, బూడిద పచ్చ అలా వస్తుంది. మూడు రంగులు కనబడుతున్నా ఉన్నవి రెండు రకాల కణాలే.

ఇలాంటి జంట మొక్కకు కైమెరా అని పేరు. ఆ పేరు పెట్టింది జర్మనీ శాస్త్రవేత్త విన్‌క్లర్, 1907లో. ఆయన టమాటాను, మన పొలం గట్ల మీద నల్లపండ్లు కాసే కామంచిని అంటుకట్టి, అతుకు దగ్గర కోసి చూశాడు. అక్కడినుంచి ఒక పక్క టమాటా, మరో పక్క కామంచి ఉన్న కొమ్మ లేచింది. టమాటా, కామంచి, ఉమ్మెత్త, బ్రగ్మాన్సియా, మన వంకాయ, మిరపకాయ అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో విచిత్రాలు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు స్పోర్ట్ సంగతి. నర్సరీవాళ్ల భాషలో, ఉన్నట్టుండి ఒక కొమ్మ తల్లిమొక్కకు భిన్నంగా రావడమే స్పోర్ట్. విత్తనంతో పనిలేదు, పరాగంతో పనిలేదు, ఒక్క మొగ్గలో మార్పు చాలు. ఆకుపచ్చ మొక్కలో మొదటిసారి వచ్చిన స్పోర్ట్ సాధారణంగా పూర్తి అంచు కట్టదు. ఒక ఆకులో సగం తెలుపు, పై ఆకులో ఒక చార, ఆ పైన ఏమీ లేదు. చూసి మురిసిపోయి, ఫోటో తీసి వదిలేస్తాం. నెల తిరిగేసరికి కొమ్మ పచ్చబడిపోతుంది. నేను రెండుసార్లు అలా పోగొట్టుకున్నాను.

చేయాల్సింది ఆకు చూడటం కాదు, కాండం చూడటం. కొమ్మను మెల్లగా తిప్పండి. లేత కాండం మీద పాలిపోయిన గీత ఒకటి కనిపిస్తుంది, చీర అంచులాగా. కొన్ని ఆకులు ఆ గీతలోనుంచి, కొన్ని దానికి అవతలినుంచి వచ్చి ఉంటాయి. ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. గీతకు అవతల ఉన్న మొగ్గను లేపితే పచ్చ కొమ్మే. గీత సరిహద్దు మీద ఉన్నదాన్ని లేపితే మళ్లీ ఇదే సగం సగం వ్యవహారం. గీత మధ్యలో ఉన్న మొగ్గను లేపితే, మార్పు ఒక్క పొరకే పరిమితమై ఉంటే, చుట్టూ నిండుగా అంచు కట్టిన నిలకడైన కొమ్మ వస్తుంది. మూడు పొరలూ తెల్లబడి ఉంటే మాత్రం పాల తెలుపు కొమ్మ వస్తుంది. అందుకే ఎంచుకున్న కణుపుకు అర అంగుళం పైన కొమ్మ చివర తుంచేస్తాను. తల తీస్తే ఆ కణుపు మొగ్గ లేస్తుంది.

పాల తెలుపు కొమ్మ అన్నాను కదా. మా మొక్కకు ఒకసారి అలాంటిది వచ్చింది. ఎంత అందమంటే, రాత్రి లైటు వేసుకుని వెళ్లి చూసేవాణ్ని. ఆశ పుట్టి ముక్క కోసి నాటాను. కాండంలో నిలవున్న ఆహారంతో రెండు ఆకులు విప్పింది, ఆపైన కాగితంలా ఎండిపోయింది. తల్లి మీద ఉన్నంతకాలం పచ్చ కొమ్మలు సంపాదించి పెడుతుంటే కూర్చుని తింటుంది, వేరు కాపురం పెడితే బతకలేదు. దీనికి ఎదురు చిక్కు పచ్చ కొమ్మలది. వాటికి సంపాదన ఎక్కువ కాబట్టి వేగంగా పెరిగి అంచు కొమ్మలను మింగేస్తాయి. పూర్తి పచ్చ చిగురు కనిపించిన రోజే మొదలంటా తీసేయండి. ‘పాపం, ఆరోగ్యంగా ఉంది’ అనుకున్నారో, ఏడాదికి మీ దగ్గర మామూలు బ్రగ్మాన్సియా ఉంటుంది.

ఒక వేసవిలో ఊరెళ్లి వచ్చేసరికి మొక్క పైదాకా ఎండిపోయింది. నెల తర్వాత మట్టిలోంచి చిగుళ్లు లేచాయి. ఇంట్లోవాళ్లు సంతోషించారు, నేను ఆకులు చూసి ఊరుకున్నాను. అన్నీ పచ్చ. వేరునుంచి పుట్టే చిగురు లోపలి పొరనుంచి వస్తుంది, మన రకానికి లోపలిది పచ్చ. మీలో చాలామంది ఇళ్లలో పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఉంటుంది. దాని ఆకు ముక్క నాటితే అంచు లేని పిల్లలు వస్తాయి. కారణం ఇలాంటిదే. విత్తనం మాట తలపెట్టకండి. విత్తనం రెండో పొర సంతానం, అంటే తెల్ల మొలకలే, అవి వారం పది రోజుల్లో పోతాయి. 1909లో కారెన్స్ అనే జర్మనీ శాస్త్రవేత్త మన చంద్రకాంత మొక్క మీదే ఇది చూపించాడు. తెల్ల కొమ్మ పువ్వుకు తెల్ల మొలకలు, పచ్చ కొమ్మ పువ్వుకు పచ్చ మొలకలు, పుప్పొడి ఎక్కడినుంచి తెచ్చి రాసినా సరే.

అంచేత కొమ్మ ముక్కే దారి. పెన్సిలు మందం, జానెడు పొడవు, కనీసం మూడు కణుపులు, రెండు ఆకులు ఉంచి మిగతావి తీసేయండి. ఇసుక, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి నీడలో ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. ఇంకో కిటుకు. ఈ మొక్క నిటారుగా పెరిగి ఒకచోట పంగలా చీలుతుంది. పువ్వులు ఆ పంగ పైనే. పైభాగం ఆకులను తిప్పి చూడండి, ఆకు మొదలు ఒక పక్క కిందికి, మరో పక్క పైకి ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ ఆకులున్న ముక్క నాటితే పొట్టిగా ఉండగానే పూస్తుంది.

నీళ్లు, ఎరువు విషయంలో ఇది తిండిపోతు. ఎండాకాలం రెండు పూటలా నీళ్లు అడుగుతుంది. తెల్ల అంచు మాత్రం ఎండకు మాడుతుంది, పది గంటలదాకా ఎండ చాలు. హైదరాబాదు, విజయవాడ మిత్రులకు నిజం చెప్పాలి. బ్రగ్మాన్సియాల్లో, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల చల్లదనంలో పుట్టిన సాంగ్వినియా వంటి జాతుల జోలికి పోవద్దు. పల్లపు ప్రాంతాల వెర్సికలర్, సువావియోలెన్స్ జాతుల రక్తం ఉన్నవి తట్టుకుంటాయి, అదీ మే నెలలో పువ్వులు ఆశించకుండా.

మోసపోయే చోట్లు రెండున్నాయి. ఒక నర్సరీలో కొత్త వేరిగేటెడ్, అంటే రంగురంగుల ఆకుల రకం అని మంచి ధరకు అంటగట్టారు నాకు. ఆకు మీద పసుపు మచ్చలు, ఏ ఆకూ మరో ఆకులా లేదు, ఈనెల దగ్గర ముడతలు. అది వైరస్. పేనుబంక ద్వారా పక్క కుండీకి పాకాక తెలిసింది. కైమెరా పక్క మొక్కకు అంటదు. రెండోది పువ్వు. పొద్దున తెల్లగా విచ్చిన పువ్వు రెండు రోజులకు పీచ్ పండు రంగుకు తిరిగితే ‘స్పోర్ట్ వచ్చింది’ అని ఫోన్లు వస్తాయి. వెర్సికలర్ అంటేనే రంగులు మార్చేది అని అర్థం. ఆ కొమ్మనుంచి ముక్క, ఆ ముక్కనుంచి ముక్క, అలా మూడు తరాలు మార్పు నిలిచాకే నన్ను పిలవండి.

కొలంబియాలో సిబుందోయ్ అనే కొండలోయ ఉంది. అక్కడి కామ్సా, ఇంగా వైద్యులు తరతరాలుగా బ్రగ్మాన్సియా వింత రకాలను పేర్లు పెట్టి ముక్కలతోనే కాపాడుతున్నారు. ఒకదాని ఆకు రిబ్బనులా సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది, పేరు ‘కులెబ్రా’, అంటే పాము. 1955లో షుల్టెస్ అనే పెద్ద వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని చూసి ఏకంగా కొత్త ప్రజాతి అనుకుని పేరు పెట్టాడు. తర్వాత అది ఆరియా జాతిలోనే వింత రకమని తేల్చారు. మొక్కలను ఎంతో ఎరిగినవాడికే తికమక కలిగించిందంటే, నా రెండు పొరపాట్లకు సిగ్గుపడటం మానేశాను. ఈ ప్రజాతిలోని ఏ జాతీ ఇప్పుడు అడవిలో సహజంగా మిగిలి లేదని ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ జాబితా చెబుతోంది. మనుషులు కోసి నాటిన ముక్కలుగానే ఇవి బతుకుతున్నాయి.

ఇక ఆ కవరు సంగతి. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు ఉందని దీన్నీ చనువుగా చూడకండి. ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నీ విషమే. స్కోపలమిన్, అట్రోపిన్ ఉంటాయి. ఒకసారి కొమ్మలు కోసి కన్ను నులుముకున్నాను. ఒక కంటిపాప పెద్దదై రోజంతా అలాగే ఉంది, పేపరు చదవలేకపోయాను. పసిపిల్లలు, పెంపుడు కుక్కలు తిరిగే చోట కుండీ పెట్టవద్దు.

వెనక బల్ల మీద పన్నెండు ముక్కలు తెచ్చాను. వాటిలో రెండు కావాలనే పచ్చవి కలిపాను, ఒకటి పాల తెలుపు. గ్లవ్స్ వేసుకుని, ఆకు చూసి కాకుండా కాండం తిప్పి, కణుపు చూసి ఏరుకోండి. కాఫీ పక్క గదిలో ఉంది, సబ్బు దానికి ముందున్న కుళాయి దగ్గర.