టుర్బీనే పోట్స్‌డామ్: ఒంటరిగా ఎదిగిన మహిళల ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర

నమస్కారం. జర్మనీ మహిళల ఫుట్‌బాల్ అనగానే ఈ రోజు బయర్న్ మ్యూనిక్, వోల్ఫ్స్‌బుర్గ్ పేర్లే ముందుగా వినిపిస్తాయి. ఈ వీడియోలో నేను సమీక్షిస్తున్నది మాత్రం బెర్లిన్ పక్కనే ఉన్న పోట్స్‌డామ్ నగరపు క్లబ్ టుర్బీనే చరిత్రను. పేరున్న పురుషుల జట్టు అండ లేకుండా ఒక మహిళల క్లబ్ ఎంత ఎత్తుకు ఎదగగలదో, ఆ అండ లేకపోవడం వల్లే తర్వాత ఎలా వెనకబడిందో ఇంత స్పష్టంగా చూపే చరిత్ర మరొకటి లేదని నా అభిప్రాయం.

తూర్పు జర్మనీలో ఒక విద్యుత్ సంస్థకు అనుబంధంగా ఉన్న క్రీడా సంఘంలో 1971 మార్చి 3న ఈ జట్టు మొదలైంది. పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ సమాఖ్య 1955లో మహిళల ఆటపై విధించిన నిషేధాన్ని ఎత్తివేసి అప్పటికి కొన్ని నెలలే అయింది. తూర్పున అటువంటి నిషేధం లేకపోయినా, ఒలింపిక్స్‌లో లేని ఆట కాబట్టి ప్రభుత్వం దాన్ని పట్టించుకోలేదు. జాతీయ స్థాయి పోటీకి ఛాంపియన్‌షిప్ అన్న హోదా కూడా ఇవ్వలేదు. ఆ పోటీని 1981 నుంచి 1989 లోపు పోట్స్‌డామ్ ఆరుసార్లు గెలిచింది. తూర్పు జర్మనీ మహిళల జాతీయ జట్టు ఆడిన ఏకైక మ్యాచ్ కూడా 1990 మే 9న ఈ నగరంలోనే, చెకొస్లొవేకియాతో జరిగి 0-3 తేడాతో ఓటమిగా ముగిసింది. కొన్ని నెలలకు ఆ దేశమే లేకుండా పోయింది.

దేశాల విలీనం తర్వాత తూర్పు క్లబ్బులు ఎన్నో చితికిపోగా, టుర్బీనే 1994లో జర్మనీ అగ్రశ్రేణి లీగ్ అయిన బుండెస్‌లీగాకు చేరి నిలబడింది. ఇందుకు ప్రధాన కారణంగా నేను కోచ్ బెర్న్‌డ్ ష్రోడర్‌ను చెబుతాను. ఆరంభం నుంచి 2016 వరకు, తొంభైలలో కొన్నేళ్లు మినహా, ఆయనే జట్టును నడిపించారు. కఠినమైన శిక్షణకు ఆయన పేరు పొందారు. నగరంలోని క్రీడా పాఠశాల నుంచి వచ్చే అమ్మాయిలను చిన్న వయసులోనే మొదటి జట్టులోకి తీసుకునేవారు. కొనుగోలు చేసే స్తోమత లేని క్లబ్‌కు తయారు చేసుకోవడం ఒక్కటే దారి, ఆ దారిలో ఆయన పట్టుదలగా నడిచారు. 1999లో మహిళల విభాగం ప్రత్యేక క్లబ్‌గా ఏర్పడింది.

ఫలితం 2004లో కనిపించింది. లీగ్ చివరి రోజున, అప్పటి మహాజట్టు ఫ్రాంక్‌ఫర్ట్‌ను దాని సొంత మైదానంలోనే 7-2తో ఓడించి టైటిల్ అందుకున్నారు. అదే ఏడాది జర్మన్ కప్పును కూడా గెలిచారు. 2005లో స్వీడన్ జట్టు యుర్గార్డెన్‌ను రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి యూరప్ విజేతలయ్యారు. 2009 నుంచి 2012 వరకు వరుసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచారు.

వీటన్నిటిలో నాకు అత్యంత విలువైనది 2010 మేలో స్పెయిన్‌లోని గెటాఫేలో, యూరప్ క్లబ్బుల పోటీ మహిళల ఛాంపియన్స్ లీగ్‌గా మారాక జరిగిన తొలి ఫైనల్. ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో అదనపు సమయం ముగిసినా ఒక్క గోల్ కూడా నమోదు కాలేదు. పెనాల్టీలలో పదిహేడేళ్ల గోల్‌కీపర్ అన్నా ఫెలిసిటాస్ జార్‌హోల్ట్స్ రెండు బంతులను ఆపడమే కాక, తానే వెళ్లి ఒక పెనాల్టీని గోల్‌గా మలిచింది. 7-6తో కప్పు పోట్స్‌డామ్ చేరింది. ఆ వయసులో ఆ ధైర్యం ఈ క్లబ్ శిక్షణకు నిజమైన నిదర్శనమని నేను నమ్ముతాను. మరుసటి ఏడాది లండన్‌లో అదే లియోన్ 2-0తో బదులు తీర్చుకుంది.

ఆ తర్వాత పురుషుల పెద్ద క్లబ్బులు తమ డబ్బును, మైదానాలను, వైద్య బృందాలను మహిళల జట్లకూ పంచడం మొదలుపెట్టాయి. మహిళల ఆటకు అది మేలే చేసింది. పాత ప్రత్యర్థి ఫ్రాంక్‌ఫర్ట్ 2020లో అదే నగరపు పురుషుల పెద్ద క్లబ్ ఐన్‌ట్రాక్ట్‌లో విలీనమైంది. పోట్స్‌డామ్ మాత్రం ఒంటరిగా మిగిలి, 2023లో తొలిసారి బుండెస్‌లీగా నుంచి దిగజారింది; 2024లో తిరిగి వచ్చి, 2025లో మళ్లీ దిగిపోయింది. ఈ పతనాన్ని కేవలం నిర్వహణ లోపంగా చూపే విశ్లేషణలతో నేను ఏకీభవించను. యాభై ఏళ్లపాటు శిక్షణతో పూడ్చిన లోటును, బడ్జెట్ల మధ్య తేడా ఇంతగా పెరిగాక, శిక్షణ ఒక్కటే పూడ్చలేకపోయింది.