పిడికెడు గింజలు అడగడానికొచ్చాను

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న రైతులకు, వెనక నిలబడిన విద్యార్థులకు నమస్కారం. వరి పరిశోధనలో నా అనుభవాలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ల పైగా బురదలో తిరిగినవాణ్ణి, అన్నీ మొదలుపెడితే సాయంత్రమవుతుంది. ఎండాకు తెగులు ఒక్కటీ తీసుకుంటాను.

మీకు తెలియనిదేం కాదు. తుఫాను గాలికి ఆకులు రాసుకుని చీలతాయి. ఆ చీలికల్లోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. కొన్నాళ్లకి ఆకు కొసలు, అంచులు అలలు అలలుగా ఎండుతూ కిందికి దిగుతాయి. తెల్లవారి చూస్తే ఆకు మీద పసుపచ్చని జిగురు బొట్లు. మందు కొట్టి దీన్ని మాన్పడం కష్టం. మర్చిపోకుండా ఒక మాట చెప్పనివ్వండి: తెగులు కనబడ్డాక యూరియా వెయ్యకండి. చేను పచ్చబడుతుందని వేస్తారు, తెగులుకి మేత వేసినట్టవుతుంది.

కాబట్టి తట్టుకునే విత్తనమే దిక్కు. దాన్ని తయారు చెయ్యడానికి తల్లి మొక్క పువ్వులో ఆరు పుప్పొడి తిత్తులూ తీసేసి, కవరు తొడిగి, తండ్రి మొక్క పుప్పొడి దులుపుతాం. తర్వాత ఎనిమిది, పదేళ్లు మంచి మొక్కలు ఏరుకుంటూ పోవాలి. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచీ ఈ పని చేస్తోంది. వశిష్ఠ, మసూరి రకాలు కలిపి స్వర్ణ ఇచ్చింది అక్కడే, 1982లో.

అసలు ఆ తట్టుకునే గుణం ఎక్కడ దొరుకుతుంది? ఎక్స్ఏ 21 అనే జన్యువు ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిలోంచి వచ్చింది. ఆ గడ్డిని ఎవరూ పంటగా వెయ్యరు. అదే జన్యువు మరో రెండింటితో కలిసి మన సాంబ మసూరిలోకి చేరింది, ఆ రకం 2008లో విడుదలైంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి చేసిన పని అది. ముంపుని తట్టుకునే స్వర్ణ సబ్ 1కి ఆ గుణమిచ్చింది ఒడిశా పాత రకమే. ఎందుకూ పనికిరాదనుకున్న మొక్కలే ఇవన్నీ.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్త. కోనసీమలో ఒక పెద్దాయన తన పల్లపు చేలో పండిన ఎర్ర గింజలు పంచె కొంగులో పోసుకొచ్చి ఇచ్చారు. "ముంపు చేల్లో మాకిదే నిలబడుద్దండి" అన్నారు. తెచ్చి మిగతా రకాల మధ్య ఒక వరస నాటాను. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరించడం మా పరీక్ష. రెండు వారాలకి చేనంతా గడ్డి రంగు. మా దగ్గర పనిచేసే ఆవిడ పిలిచింది. "అయ్యగారండీ, ఈ వరస కత్తిరించడం మర్చిపోయారేంటండీ?" వెళ్లి చూశాను. కొసలన్నీ తెగే ఉన్నాయి. కోత దగ్గర గోరంత మచ్చ, కింద అంతా పచ్చగా ఉంది.

పై అధికారి చూసి, "పొడుగు, పడిపోయే రకం, ఎర్ర బియ్యం, ఎవడు తింటాడు? చోటు దండగ, తీసెయ్" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. గింజలు ఒక కవర్లో పోసి బీరువాలో పెట్టాను. మూడేళ్ల తర్వాత తీసి నానబెడితే ఒక్కటీ మొలవలేదు. మన గాలి తేమకి విత్తనం ఎన్నాళ్లుంటుంది?

ఆ ఊరికి పరుగెత్తాను. పెద్దాయన లేరు. ఆ చేను చేపల చెరువైపోయింది. వాళ్లావిడ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "ఆ గింజలు ఆఖరికి కోళ్లకేశాం బాబూ" అన్నారు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ రకం పేరు పెద్దాయన నాకు చెప్పారు. నేను కవరు మీద నంబరు వేశాను, పేరు రాయలేదు. ఇప్పటికీ ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు.

మీలో ఎవరికైనా అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆత్రగడ ఈ పాత వరి రకాల పేర్లు తెలుసా? చేతులెత్తండి... ఇద్దరు. పిల్లల్లో ఒక్కరూ లేరు. నాకు టెన్షన్ ఇక్కడే. తెగులు బాక్టీరియా మారుతూనే ఉంటుంది. ఈరోజు తట్టుకునే రకం ఎల్లకాలం తట్టుకోదు. అప్పుడు మళ్లీ వెతకాలి. దేన్లో వెతుకుతాం?

సన్మానం అక్కర్లేదు, ఆ శాలువా ఉంచండి. బయట బల్ల మీద ఖాళీ కవర్లు పెట్టాను. మీ చుట్టాల ఇళ్లల్లో, లంకల్లో, చెరువు గట్ల మీద ఎక్కడైనా పాత వరి మిగిలి ఉంటే పిడికెడు తెచ్చివ్వండి. గింజ ఎర్రగా ఉన్నా, ముతగ్గా ఉన్నా పర్లేదు. కవరు మీద మీ ఊరు, చేను పల్లమో మెరకో రాయండి. అమ్మమ్మ దాన్ని ఏ పేరుతో పిలిచేదో అది ముందు రాయండి.