యుక్కా క్యాప్సూల్స్ 40 రోజులు వాడాక: రొయ్యల డబ్బా మీద ఉన్న లెక్క మనిషి సీసా మీద ఎందుకు లేదు?

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినబడే మోత మా రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లదండి, గట్టు మీద షెడ్డులోనే కూర్చుని తీస్తున్నా, మధ్యాహ్నం పూట ఆపే పరిస్థితి లేదు, కొంచెం సర్దుకోండి.

ముందే చెప్పేస్తా. మోకాళ్ళ నొప్పికని అమ్మే ఈ రెండు యుక్కా క్యాప్సూల్స్ సీసాలు కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులివ్వలేదు, నేనూ అడగలేదు, కాకపోతే "మంచిగా చెప్పండి సార్" అని ఫోన్లో అన్నారు, మా అమ్మ వాడి చూశాక చెప్తానండీ అన్నా. సీసాలో ఎన్ని ఉంటాయి, రేటెంత, రోజుకెన్ని వేసుకోవాలి, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

యుక్కా అనే మాట నాకు కొత్త కాదు. మా భీమవరం, ఆకివీడు, కాళ్ళ వైపు ఏ రొయ్యల రైతుని లేపి అడిగినా చెప్తాడు, యుక్కా అంటే అమోనియాకి వేసేది అని. 2009లో వెనామీ రకం రొయ్యకి పర్మిషన్ వచ్చాక ఊరూరా చెరువులు పడ్డాయి కదా, మేత ఎక్కువై అడుగున కుళ్ళు పేరుకుంటే అమోనియా పెరుగుద్ది, సాయంత్రం పూట నీళ్ళ పిహెచ్, అంటే క్షారగుణం, పెరిగే కొద్దీ ఆ అమోనియాలో విషం పాలు కూడా పెరుగుద్ది, మొప్పలు దెబ్బతిని రొయ్య పైకొచ్చేస్తుంది, అప్పుడు పరిగెత్తి తెచ్చి చల్లేది ఈ యుక్కా పొడే. మేతలో కూడా కలుపుతాం. కోళ్ళ ఫారాల్లో వాసన తగ్గడానికీ, కుక్కల మేతలోనూ కూడా వాడతారు. అంటే పదేళ్ళుగా నా చేతికి అంటుకునే వాసన ఇది, కొంచెం తీపి, కొంచెం తడిచెక్క వాసన. అదే మొక్క మోకాళ్ళ నొప్పికి క్యాప్సూల్ గా వచ్చిందంటే నాకు నిజంగా ఉత్సాహం వచ్చేసిందండి, అందుకే సీసాలు తీసుకున్నా.

ఇది పెట్టగానే కామెంట్లో ఎవరో ఒకరు "కర్రపెండలమేగా అన్నా" అంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా, కాదు. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేస్తారే, ఆ కర్రపెండలాన్ని స్పానిష్ వాళ్ళు యుకా అంటారు. ఇది యుక్కా. క కింద ఒత్తు తేడా, మొక్క మొత్తం వేరు. ఇది యుక్కా షిడిగెరా, అమెరికాలో మొహావీ ఎడారిది, కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా, కింద మెక్సికో దాకా పెరుగుద్ది. మన పిల్లితీగలు, అదే శతావరి, దానికి దూరపు చుట్టం. కడియం నర్సరీ నుంచి తెచ్చి గేటు దగ్గర పెట్టుకునే కత్తుల్లాంటి ఆకుల మొక్క ఉంది చూడండి, అది ఇదే జాతిలో వేరే రకం, దయచేసి దాని వేరు తవ్వి కషాయం కాచుకోకండి.

అక్కడి ఆదివాసీలు యుక్కా వేరు దంచి తలంటుకునేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు. ఎందుకంటే ఇందులో సపోనిన్లు ఉంటాయి, మన కుంకుడుకాయలో నురగ వచ్చేది కూడా సపోనిన్ల వల్లే. ఇది విన్నాక నేనొక పని చేశా. మూడు ఖాళీ వాటర్ బాటిల్స్ తీసుకుని ఒకదాంట్లో అమ్మ నానబెట్టిన కుంకుడు రసం, ఒకదాంట్లో చెరువుకి వాడే యుక్కా పొడి చిటికెడు, మూడోదాంట్లో రెండు క్యాప్సూల్స్ విప్పి ఆ పొడి, మూడిట్లో సమానంగా నీళ్ళు పోసి ముప్పై సార్లు కుదిపి గట్టు మీద వరసగా పెట్టా. కుంకుడు నురగ మూడు వేళ్ళ మందం, టీ తాగొచ్చేదాకా కదల్లా. చెరువు యుక్కా రెండు వేళ్ళు, చిన్నచిన్న బుడగలు, అదీ నిలబడింది. క్యాప్సూల్ ది వేలు మందం లేచింది, కాసేపట్లో పెద్ద బుడగలైపోయి అంచు చుట్టూ ఉంగరంలా మిగిలింది. నురగని బట్టి మందు బలం చెప్పలేమండి, అది నాకూ తెలుసు, చిటికెడుకీ రెండు క్యాప్సూల్స్ కీ తూకం కూడా ఒకటి కాదు. కానీ అది చూశాకే సీసా తిప్పి లేబుల్ చదివా, నా కోపం అక్కడ మొదలైంది.

మా షెడ్డులో ఉన్న డబ్బా ఇదిగోండి, రొయ్యలకి. దీని మీద మొక్క పూర్తి పేరుంది, ఎక్స్‌ట్రాక్ట్ ఎంత శాతమో ఉంది, సపోనిన్ శాతం ఉంది, బ్యాచ్ నంబరుంది. ఇప్పుడు మనిషి మింగే సీసా చూడండి. "యుక్కా వేరు పొడి", అంతే! షిడిగెరానా ఇంకోటా రాయలేదు, సపోనిన్ ఎంతో రాయలేదు. రొయ్యకిచ్చే దానికి ఉన్న లెక్క అమ్మకిచ్చే దానికి లేదు. నాకిది చిన్న విషయంగా అనిపించడం లేదండి.

ఎందుకు పట్టుబడుతున్నానంటే, రీసెర్చ్ చేసినవాళ్ళు చెప్పిందే అది. 2006లో చీక్, పియాచెంటే, ఒలెష్చెక్ అని ముగ్గురు శాస్త్రవేత్తలు యుక్కా షిడిగెరా కీళ్ళవాపుకి ఎలా పనిచేయొచ్చో అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా కలిపి రాశారు. అందులో రెండు దారులు చెప్తారు. ఒకటి సపోనిన్లు, ఇవి పేగుల్లో ప్రోటోజోవా అనే సూక్ష్మజీవుల పొరలో ఉండే కొలెస్ట్రాల్ ని పట్టుకుని పొరని చిల్లులు చేస్తాయి, కొన్ని కీళ్ళవాపులకి ఆ జీవులకీ సంబంధం ఉందేమో అనే ఆలోచన మీద. రెండోది పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు, అంటే రెస్వెరాట్రాల్, ఇంకా యుక్కాలకే ప్రత్యేకమైన యుక్కావోల్స్, ఇవి వాపు పుట్టించే ప్రక్రియని ల్యాబ్ లో కణాల మీద తగ్గించాయి. ఈ పాలీఫినాల్స్ ఎక్కువ ఉండేది బెరడులో! చెట్టు కాండం దుంగలు నరికి మొత్తం పొడి చేస్తే ఒక సరుకు, దుంగని పిండి రసం ఎండబెడితే ఇంకో సరుకు. ఈ సీసాలో ఉన్నది ఏది? వేరు అంటున్నారు, వేరేనా? ఇది తెలియకుండా "పరిశోధనల్లో తేలింది" అని అట్ట మీద వేసుకుంటే ఏ పరిశోధన, ఏ సరుకు మీద?

మనుషుల మీద కీళ్ళనొప్పులకి చేసినదాంట్లో అందరూ చూపించేది 1975 నాటిది, కాలిఫోర్నియాలో సుమారు 150 మంది మీద చేసింది, కొందరికి నొప్పి, బిగుసుకోవడం తగ్గాయని రాశారు. కానీ అందరికీ ఒకే గడువు పెట్టలేదు, కొందరు వారాలు, కొందరు నెలలు. యాభై ఏళ్ళ నాటి దాని మీద అంత బరువు పెట్టలేమండి. అమెరికాలో యుక్కా రుచి కోసం, రూట్ బీర్ అనే కూల్ డ్రింకులో నురగ కోసం వాడటానికి అనుమతి ఉంది, దాన్ని కూడా కొందరు "ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) అప్రూవ్డ్" అని చెప్పి అమ్ముతున్నారు, అది ఆహారంలో వాడటానికి అనుమతే గానీ మోకాళ్ళ మందు అని కాదు.

అమ్మ విషయానికొస్తా. 61 ఏళ్ళు, కుడి మోకాలు. ఇదివరకు కీళ్ళకి వాడే గ్లూకోసమైన్ బిళ్ళలు మూడు నెలలు వాడింది, తేడా లేదంది. నల్లేరు పచ్చడి, వావిలాకు కాపడం ఎప్పట్నుంచో ఉన్నాయి, కాపడం పెట్టిన రాత్రి మాత్రం బాగా నిద్రపడుతుంది. ఈ క్యాప్సూల్ మొదటి వారం పరగడుపున వేసుకుంది, కడుపులో తిప్పినట్టుంది, రెండు రోజులు విరేచనం. సపోనిన్లకి ఆ గుణం ఉంది. అన్నం తిన్నాక వేసుకోమంటే సర్దుకుంది. మూడో వారానికి "పొద్దున్నే లేచేటప్పుడు పట్టేసినట్టు లేదురా" అంది. నాకు ఎంత సంతోషమేసిందంటే వెంటనే వీడియో తీద్దామనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, అదే వారం కింద కూర్చుని కూరలు తరగడం మానేసింది, చెల్లి స్టూలు కొనిచ్చింది, ఎండ కూడా బాగా కాసింది. ఇందులో యుక్కా వాటా ఎంతో నేనెలా చెప్పను? 40 రోజులయ్యాక ఆపేశాం, రెండు వారాలకి నొప్పి అలాగే ఉంది, పెరగలేదు, తగ్గలేదు.

ఇంకోటి, చాలా ముఖ్యమండి. మొన్న మా గట్టు మీదకి వచ్చిన బాబాయి ఒకాయన ఈ సీసా చూసి "అదేగా, మన చెరువు పొడి సగం రేటుకే వస్తుంది, చెంచాడు మజ్జిగలో వేసుకుంటా" అన్నారు. వద్దు బాబాయ్ అని చెయ్యి పట్టుకుని చెప్పా. చెరువు సరుకులో యుక్కా ఒక్కటే ఉండదు, జియోలైట్ అనే ఖనిజం పొడి, బ్యాక్టీరియా, ఏవేవో కలుస్తాయి, అది మనిషి కడుపు కోసం చేసింది కాదు. ఇంకా సపోనిన్ అంటే సాధువు కాదు. చెరువు ప్రిపేర్ చేసేటప్పుడు చెత్త చేపల్ని చంపడానికి మనం వేసే టీ సీడ్ కేక్ (టీ గింజల చెక్క) లో పనిచేసేది సపోనినే, మొప్పల్లోంచి వెళ్ళి చేప రక్తకణాల్ని పగలగొడుతుంది, రొయ్య తట్టుకుంటుంది. మనం నోట్లో వేసుకుంటే పేగు దాటి రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ కాబట్టి అలా జరగదు, అయినా చెంచాలతో కొలిచి తాగే వస్తువు కాదది. బీపీకో షుగరుకో బిళ్ళలు వేసుకునేవాళ్ళు క్యాప్సూలైనా డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

నా మాట ఇదండి. యుక్కా మొక్క మీద నాకు గౌరవముంది, బెరడులో ఉన్న సంగతుల మీద మంచి పెద్ద పరిశోధన మనుషుల మీద జరగాలని గట్టిగా కోరుకుంటున్నా. ఈ సీసా మాత్రం కొనమని చెప్పను. అమ్మకి రెండోది మొదలుపెట్టలేదు, సీలు అలాగే ఉంది, చూడండి. మూడు ప్రశ్నలు కంపెనీకి మెయిల్ పెట్టా: ఏ యుక్కా, చెట్టులో ఏ భాగం, సపోనిన్ ఎంత శాతం. పన్నెండు రోజులైంది, ఇంకా జవాబు రాలేదు. వచ్చిన రోజు, ఏమొచ్చినా సరే, మొత్తం చదివి కింద కామెంట్లో పిన్ చేస్తా. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే తీసే టైమయ్యింది, ఉంటానండి.