వాన వాసన, టీబీ మందు, ఒకే బ్యాక్టీరియా

అందరికీ నమస్కారం. తొలకరి పడగానే మట్టి వాసన వస్తుంది కదా, అందులో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం, దాన్ని ఎక్కువగా తయారు చేసేది స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. ఒక్క గ్రాము మట్టిలోనే ఇవి లక్షల్లో ఉండొచ్చు, బూజులాగా దారాలు దారాలుగా పెరుగుతాయి.

మన ఆరోగ్యానికి ఇవి చేసిన మేలు మాత్రం చాలామందికి తెలీదు, నాకు బాధనిపించేది అదే. పెన్సిలిన్ వచ్చాక కూడా టీబీకి మందు లేదండీ, ఆ క్రిమి మీద అది పని చేయలేదు. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్ర రీసెర్చ్ స్టూడెంట్ ఈ జాతి బ్యాక్టీరియా నుంచే స్ట్రెప్టోమైసిన్ తీశాడు, టీబీని నిజంగా తగ్గించిన మొదటి యాంటీబయాటిక్ అది. 1952లో నోబెల్ వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు, షాట్జ్‌కి ఇవ్వలేదు, అది అన్యాయమే అంటాను నేను. నోబెల్ కంటే ముందే, 1948లో ఆరియోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వచ్చింది, టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్ల గుంపులో అదే మొదటిది, బెంజమిన్ డగ్గర్ కనిపెట్టాడు, అప్పుడు ఆయన పని చేసిన లెడర్లీ అనే మందుల కంపెనీలో రీసెర్చ్ మొత్తం నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. క్యాన్సర్‌కి వాడే డాక్సోరుబిసిన్, నులిపురుగులకీ గజ్జికీ ఇచ్చే ఐవర్‌మెక్టిన్, కిడ్నీ మార్చాక ఇచ్చే రాపమైసిన్, వీటి మూలం కూడా ఈ జాతే.

అయితే ఒకటి చూడండి, విషం తయారు చేసే జీవి ముందు తను చావకుండా చూసుకోవాలి కదా, అందుకే ఆ మందుని తట్టుకునే జీన్స్ కూడా వీటి దగ్గరే ఉంటాయి. అంటే రెసిస్టెన్స్ అనేది మనం మందులు కనిపెట్టాక పుట్టింది కాదు, ఎప్పట్నుంచో మట్టిలో ఉన్నదే, మనం అడ్డదిడ్డంగా వాడి దాన్ని పెంచుతున్నాం. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు చాలామందిలో టీబీ క్రిమి కొన్ని నెలల్లోనే దానికి లొంగడం మానేసింది, టీబీకి రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం అందుకే మొదలైంది. స్ట్రెప్టోమైసిన్ వల్ల వినికిడి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది, సొంతంగా వాడేవి కావు ఇవి.

ఇక చెడు వైపు. వీటిలో స్ట్రెప్టోమైసిస్ సొమాలియెన్సిస్, వీటి బంధువు ఆక్టినోమడ్యురా, ఇవి ముల్లు గుచ్చుకున్న చోట నుంచి లోపలికి పోయి మైసెటోమా అనే జబ్బు తెప్పిస్తాయి. మొదట నొప్పి లేని గడ్డ, అందుకే ఎవరూ పట్టించుకోరు, ఏళ్ల తరబడి పెరిగి రంధ్రాలు పడి చీముతో పాటు చిన్న చిన్న పలుకులు వస్తాయి, చివరికి ఎముక దాకా పోతుంది. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల లిస్టులో చేర్చింది. ఫంగస్ వల్ల వచ్చే రకం కూడా ఉంది, దానికి చాలాసార్లు ఆపరేషన్ తప్పదు, బ్యాక్టీరియా రకం అయితే నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడితే చాలావరకు తగ్గుతుంది, ఆ వైద్యంలో స్ట్రెప్టోమైసిన్ కూడా వాడేవాళ్లు! కాబట్టి మట్టిలో పని చేసేవాళ్లు చెప్పులో బూట్లో వేసుకోండి, పాదం మీద నొప్పి లేని గడ్డ కనిపిస్తే డాక్టర్‌కి చూపించి మట్టిలో పని చేస్తానని కూడా చెప్పండి, ఏ రకమో టెస్టులో తేలాకే మందు మొదలుపెట్టాలి.