మూతలు బిగించి తీసుకురండి

(సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోబోయే తెప్పల పందెం గురించి తిరుపతిలో ఒక కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, పోయినసారి నేను నీళ్ళలో పడ్డ సంగతి చెప్పుకుని మీరు నవ్వుకోవడం నాకు ఇక్కడికి వినబడుతూనే ఉంది. సరే, దాంతోనే మొదలుపెడతాను.

పోయిన సంక్రాంతికి చంద్రగిరి అవతల మా అత్తగారి ఊరి చెరువులో నాలుగిళ్ళ వాళ్ళం సరదాగా తెప్పల పందెం పెట్టుకున్నాం. షరతు ఒకటే. తెప్పకు కొత్త సామాను కొనకూడదు. ఎవరో పారేసిందైనా కావాలి, పాత సామాన్ల కొట్లో దొరికిందైనా కావాలి. ముప్పయ్యేళ్ళు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకు కొలతలు నేర్పినవాణ్ణి కదా, కాగితం తీసి లెక్క వేశాను. మా బావమరిది, నేను కలిపి 140 కిలోలు. వెదురు బొంగులు, పాత తలుపు చెక్క ఒక 20. మొత్తం 160. ఇరవై లీటర్ల వాటర్ క్యాను మూత బిగించి పూర్తిగా ముంచితే 20 కిలోల నీళ్ళను పక్కకు తోస్తుంది. దాని సొంత బరువు పోను 19 కిలోల దాకా మోస్తుంది. తొమ్మిది క్యాన్లు చాలు. ఎందుకైనా మంచిదని పన్నెండు కట్టాను.

లెక్క తప్పలేదు. ఇరవై అడుగుల దూరం పోయేదాకా తెప్ప నిక్షేపంగా తేలింది. అప్పుడు ఎడమ పక్క క్యాను ఒకటి తాడులోంచి జారి, బుడుంగున పైకి లేచింది. దాని వెనకే ఇంకొకటి. మూడోది కూడా జారేసరికి తలుపు చెక్క ఒరిగింది, బావమరిది వచ్చి నా మీద పడ్డాడు. నడుము లోతు నీళ్ళే కాబట్టి పరువు తప్ప ఇంకేమీ పోలేదు. క్యాన్లు మాత్రం ఒక్కటీ మునగలేదు. మేమిద్దరం లేకపోయేసరికి ఇంకా హాయిగా తేలాయి.

ఇంటికొచ్చి రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. మేం తెప్ప కట్టింది మిట్టమధ్యాహ్నం, కట్ట మీద, ఎండలో. క్యానులో గాలి వేడెక్కి ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద తాడు బిర్రుగా లాగి ముడి వేశాం. జనవరి నెల చెరువు నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో మీకు తెలుసు. అందులో దిగగానే లోపలి గాలి ముడుచుకుంది, క్యాను కాస్త నొక్కుకుంది, తాడు వదులైంది. పైగా అది నైలాన్ తాడు, క్యానేమో నున్నగా ఉంటుంది. ఇంక జారక ఏం చేస్తుంది?

2010లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఆస్ట్రేలియాలోని సిడ్నీ దాకా ప్లాస్టికీ అనే పడవ వెళ్ళింది. దాన్ని తేల్చింది సుమారు 12,500 వాడేసిన ప్లాస్టిక్ సీసాలు. సీసాలు నొక్కుకోకుండా వాళ్ళు ఒక్కో దాంట్లో కాస్త డ్రై ఐస్ పొడి, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, వేసి మూత బిగించారు. అది గ్యాసుగా మారి లోపలి నుంచి నెట్టడంతో సీసా రాయిలా గట్టిపడింది. మనకు డ్రై ఐస్ అక్కర్లేదు. తెల్లవారుజామున చలిలో కట్టుకుంటే చాలు.

తాడు విషయానికొస్తే, పంక్చర్ షాపుకు వెళ్ళండి. పాత సైకిల్ ట్యూబులు ఊరికే ఇస్తారు. వేలెడు వెడల్పున నిలువుగా కోసి, సాగదీసి చుట్టండి. క్యాను నొక్కుకుంటే రబ్బరు కూడా దాంతోపాటే ముడుచుకుంటుంది, పట్టు వదలదు. నాకు ఇది ముందే తెలిసుంటే ఇవాళ ఈ పిల్లలు నవ్వేవాళ్ళు కాదు.

ఇంతకీ పోయినసారి గెలిచింది ఎవరంటే, ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు. రెండు కల్యాణ మండపాల గుమ్మాలకు కట్టిన అరటి మానులను, పెళ్ళిళ్ళయ్యాక తీసుకొచ్చారు. ఎనిమిది. వాటిని పక్కపక్కన పేర్చి, చెక్కిన వెదురు కర్రలు అడ్డంగా గుచ్చారు. తాడు లేదు, ముడీ లేదు. తొడల దాకా తడిసిపోతూనే అవతలి గట్టు చేరారు. ఎవరు నేర్పారురా అంటే మా అవ్వ చెప్పింది అన్నారు. నేను పాలిటెక్నిక్ సంగతి ఇంక ఎత్తలేదు.

మనలో సగం మందికి తమిళం వస్తుంది, కాబట్టి కట్టుమరం అన్న మాటకు అర్థం చెప్పక్కర్లేదు. కట్టిన మాను. ఇంగ్లీషు వాళ్ళు దాన్నే కెటమరాన్ అన్నారు. పేరులో మాను కన్నా ముందు కట్టు ఉంది చూడండి. 1947లో థోర్ హయర్‌డాల్ అనే నార్వే ఆయన తొమ్మిది బాల్సా దుంగలను నార తాళ్ళతో కట్టి, ఒక్క మేకు కొట్టకుండా, పెరూ నుంచి పసిఫిక్ మీదుగా 101 రోజులు ప్రయాణం చేశాడు. అలలకు దుంగలు రాసుకుని తాళ్ళు తెగిపోతాయని పడవల సంగతి తెలిసినవాళ్ళు భయపెట్టారు. జరిగింది వేరు. బాల్సా మెత్తటి కర్ర. తాళ్ళు అందులోకి దిగబడిపోయి, రాపిడి తగలకుండా భద్రంగా ఉండిపోయాయి.

వెనక నుంచి అన్నయ్య ఒకరు అడుగుతున్నారు, "ఈ వయసులో ఇదేం పిల్లచేష్ట?" అని. అన్నా, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో 1962 నుంచి పడవల పందెం జరుగుతోంది. అక్కడి టాడ్ నదిలో ఏడాదిలో చాలా కాలం ఇసుకే తప్ప నీళ్ళుండవు. అడుగు లేని పడవలు చేసుకుని, అందులో నిలబడి, రెండు చేతులా పడవను ఎత్తిపట్టుకుని ఇసుకలో పరిగెత్తుతారు. 1993లో నదికి నీళ్ళొచ్చాయని పందెం రద్దు చేశారు! మన స్వర్ణముఖి నది కూడా ఆ పందేనికి చక్కగా పనికొస్తుంది. కానీ 2021 నవంబరులో అదే స్వర్ణముఖి ఎలా వచ్చిందో చూశాం. రాయలచెరువు కట్టకు ఏమవుతుందోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులవి. అందుకే పారే నీళ్ళ జోలికి వద్దు. ఈసారీ చెరువులోనే. అది కూడా మరవ పారుతుంటే, అంటే చెరువు నిండి నీళ్ళు బయటికి పొర్లుతుంటే, పందెం ఉండదు, ఎవరూ బతిమాలొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నడుము లోతు దాటని చోట కర్రలు పాతి హద్దు పెడతాం. ఈత వచ్చినవాళ్ళకైనా లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. థర్మాకోల్ వద్దు, అది పొడిపొడిగా రాలి చెరువులోనే ఉండిపోతుంది. ఫ్లెక్సీలు తెరచాపకు వాడుకోవచ్చు. అయితే ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీయో చూసుకుని వాడండి, తర్వాత మాటలు పడొద్దు.

ఒక్క నియమం మాత్రం గట్టిది. తెప్ప దిగేముందు సీసాలు, క్యాన్లు లెక్కపెడతాం, పైకొచ్చాక మళ్ళీ లెక్కపెడతాం. ఒకటి తగ్గినా, అది దొరికేదాకా ఆ జట్టు పందెం పూర్తి చేసినట్టు కాదు. 2022 నుంచి తిరుమల కొండ మీద ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. కొండ కింద మన వీధిలో పొద్దున్నే ఎన్ని దొరుకుతాయో నడకకు వెళ్ళేవాళ్ళకు తెలుసు. వాటిని ఊరు దాటించి చెరువులో పోసి రావడానికి మనం పందెం పెట్టుకోవడం లేదు.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి మా ఇంటి ముందు కడదాం. ట్యూబులు, కత్తెర నా దగ్గరున్నాయి. టీ మా ఆవిడ ఇస్తానంది. సీసాలు మీరు తెచ్చుకోండి, మూతలతో సహా. పోయినసారి ఒకరు నలభై సీసాలు తెచ్చారు, మూతలు పదకొండే ఉన్నాయి.