పిలిస్తే రావాలంటే

శ్రోతలకు నమస్కారం.

గ్రేహౌండ్స్ అన్న మాట వినగానే మనలో ఎక్కువమందికి 1989లో ఏర్పడిన పోలీసు దళం గుర్తుకు వస్తుంది కానీ, ఆ పేరు గల కుక్కను దగ్గరగా చూసినవారు తక్కువ. కోసుగా ఉండే ముఖం, లోతైన రొమ్ము, వీపుకు అంటుకుపోయినట్లుండే పొట్ట, సన్నని పొడవైన కాళ్ళు గల ఈ జాగిలం గంటకు 60 నుంచి 70 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. అంటే మనం ‘ఒకటి’ అని పలికేలోగా అది పదిహేను మీటర్లు దాటిపోతుంది. వాసన పట్టి వెదికే కుక్కలు వేరు, కంటితో చూసి తరిమే కుక్కలు వేరు. గ్రేహౌండ్ రెండవ రకానికి చెందినది. కర్ణాటకలోని ముధోల్, తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపారై జాతులూ దీనివలెనే పరుగుకు పేరు పడ్డవి. 2005లో తపాలా శాఖ ముధోల్, రాజపాళయం జాతుల బొమ్మలతో తపాలా బిళ్ళలను కూడా విడుదల చేసింది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండలకు ఈ దేశపు జాగిలాలే మేలని నా అభిప్రాయం. అయినా ఏ జాతి కుక్కపిల్ల మీ ఇంటికి చేరినా దాని బాధ్యత మీదే కనుక, ఈ రోజు జాతుల మంచిచెడుల జోలికి పోను.

కుక్కల పెంపకం గురించి చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఈ కొద్ది సమయంలో వాటిలో ఒక్కదానినే తీసుకుంటాను. కుక్కను పిలిస్తే రావాలి. పిలిస్తే వచ్చే కుక్కను రోడ్డు మీది లారీ నుంచి, పొలంలోని పాము నుంచి, పక్కింటి కోళ్ళ నుంచి మనం కాపాడుకోగలం. పిలిచినా రాని కుక్కకు ఎంత మంచి తిండి పెట్టినా, ఎన్ని టీకాలు వేయించినా, గేటు తెరుచుకున్న ఒక్క క్షణంలో అది మన చేయి దాటిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల వలన తెలియలేదు, మా అక్కగారి ఇంట్లో పెరిగిన ఒక కుక్క వలన తెలిసింది.

వారిది పొదలకూరు దగ్గర ఒక పల్లె. ఊరి వెలుపల నిమ్మతోట, తోటలోనే ఇల్లు. 2014 వర్షాకాలంలో మా బావగారు రెండు నెలల గ్రేహౌండ్ పిల్లను తెచ్చారు. బూడిదరంగు ఒళ్ళు, రొమ్ము మీద ఒక తెల్లని చార. దానికి మెరుపు అని పేరు పెట్టారు. పిల్లగా ఉన్నంతకాలం అది ‘దా’ అంటే చాలు, కాళ్ళకు అడ్డం పడుతూ వచ్చేది. పది నెలల వయసు వచ్చిన తరువాత ఒక సాయంత్రం నిమ్మచెట్ల పాదులో నుంచి ఒక చెవులపిల్లి లేచింది. మెరుపు కదలడం ఎవరికీ కనిపించలేదు, తోట చివర సర్కారు తుమ్మ కంప ఊగడం మాత్రం కనిపించింది. బావగారు గొంతు చించుకుని పిలిచారు. అది గంట తరువాత వచ్చింది. నాలుక వేలాడుతోంది, డొక్కలు ఎగసిపడుతున్నాయి, తొడ మీద ముల్లు చీరిన గీత నుంచి రక్తం కారుతోంది. అయినా అది నేరుగా బావగారి దగ్గరకు వచ్చి ఆయన అరచేతిలో మూతి పెట్టింది. ఆ గంటసేపూ ఆయన పడిన ఆందోళన అంతా ఆ క్షణంలో కోపంగా మారింది. రెండవ చేతిలో ఉన్న వేప బరికెతో నాలుగు దెబ్బలు వేశారు. నేను అరుగు మీదనే కూర్చుని ఉన్నాను, వద్దని చెప్పలేదు. అలా కొడితేనే బుద్ధి వస్తుందని ఆనాడు నేనూ అనుకున్నాను. ఆ పొరపాటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మరునాటి నుంచి పిలిస్తే మెరుపు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోవడం మొదలుపెట్టింది. తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని, చెవులు వెనక్కు వాల్చి, ఆ పక్కకు ఈ పక్కకు చూసేది కానీ ముందుకు వచ్చేది కాదు. రావడం లేదని బావగారికి ఇంకా కోపం వచ్చేది. ఆయన గొంతు పెరిగినకొద్దీ దాని దూరమూ పెరిగింది. ఇరవై అడుగులు యాభై అయ్యాయి, యాభై అడుగులు నిమ్మచెట్ల నాలుగు వరుసలయ్యాయి.

2016 సంక్రాంతి నాడు వీధిలో డప్పులు మోగేసరికి అది బెదిరి, మెడలోని బెల్టులో నుంచి తల వెనక్కు లాక్కుని పారిపోయింది. గ్రేహౌండ్‌కు మెడ కంటే తల సన్నం. మామూలు కుక్కకు కట్టే బెల్టు దీనికి నిలవదు. లాగినప్పుడు కొద్దిగా బిగిసి, అంతకు మించి బిగియకుండా ఆగిపోయే వెడల్పాటి పట్టీ కావాలి. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. రెండు పగళ్ళు, రెండు రాత్రులు అది చెరువు కట్ట మీదే తిరిగింది. అందరికీ కనిపించేది, ఎవరికీ చిక్కేది కాదు. బావగారు మోటారు సైకిలు మీద వెళ్ళి పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ఇంకొంత దూరం పోయేది.

మూడవ నాడు ఉదయం మా మేనకోడలు ఒక పళ్ళెంలో పెరుగన్నం కలుపుకుని, ఉదయగిరి చెక్క గరిటె ఒకటి చేత పట్టుకుని చెరువు కట్టకు బయలుదేరింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. రోజూ సాయంత్రం మెరుపుకు అన్నం పెట్టేది తనే. పెట్టే ముందు పళ్ళెం అంచు మీద గరిటెతో మూడుసార్లు తట్టడం దాని అలవాటు. వెంట వెళ్ళిన నేను కుక్క కనిపించగానే పిలవబోయాను. “పిలవొద్దు మామా, పిలిస్తే కొడతారని దానికి తెలుసు” అంది. నేను నోరు మూసుకున్నాను. ఆ పిల్ల కుక్క వైపు వీపు పెట్టి నేల మీద కూర్చుని, మూడుసార్లు తట్టి ఊరుకుంది. మెరుపు ముందు చాలా దూరం నుంచి ఒక చుట్టు తిరిగింది. తరువాత ఇంకొంచెం దగ్గరగా మరో చుట్టు తిరిగింది. పావుగంట గడిచి ఉంటుంది. ఆ తరువాత వెనుక నుంచి వచ్చి, ఆ పిల్ల భుజం వాసన చూసి, ముందుకు వచ్చి పళ్ళెంలో మూతి పెట్టింది. ఆ పిల్ల దానిని పట్టుకోవడానికి చేయి చాచలేదు. అన్నం అయిపోయిన తరువాత లేచి, ఖాళీ పళ్ళెం మీద తట్టుకుంటూ ఇంటి దారి పట్టింది. మెరుపు ఆ పిల్ల మడమలకు మూతి తగిలేంత దగ్గరగా నడిచింది.

ఇందులోని కిటుకును తరువాత మాకు పశువైద్యులు ఒకరు వివరించారు. కుక్క దెబ్బను, ఆ దెబ్బ పడిన క్షణంలో తాను చేస్తున్న పనితోనే ముడిపెట్టుకుంటుంది. చెవులపిల్లిని తరమడం గంట క్రితం జరిగిన పని. దెబ్బ పడినప్పుడు అది చేస్తున్న పని యజమాని దగ్గరకు రావడం. కనుక ‘తరిమితే కొడతారు’ అన్నది దానికి అర్థం కాలేదు, ‘వస్తే కొడతారు’ అన్నది అర్థమయింది. “తప్పు చేసినట్లు దానికి తెలుసు, ముఖం చూడండి” అని మనం అంటూ ఉంటాము. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ విషయాన్నే పరీక్షించి చూశారు. యజమాని తినవద్దని చెప్పి గది బయటకు వెళ్ళిన తరువాత, కొన్ని కుక్కలకు ఆ తినుబండారం తినే వీలు కల్పించి, కొన్నింటికి కల్పించలేదు. తిరిగి వచ్చిన యజమాని కోప్పడితే, తిన్న కుక్కే కాదు, తినని కుక్క కూడా ఆ తప్పు చేసిన ముఖమే పెట్టింది. మనం చూసేది పశ్చాత్తాపం కాదు, మన కోపానికి అది పడే బెదురు.

కాబట్టి మీ దగ్గరకు వచ్చిన కుక్కను కొట్టకండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఏమి పాడుచేసి వచ్చినా, దగ్గరకు వచ్చిన కుక్కను కొట్టకండి, తిట్టకండి.

ఇక నేర్పే పద్ధతి చెబుతాను. కుక్కపిల్ల ఇల్లు చేరిన రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. తల్లి దగ్గర నుంచి ఎనిమిది వారాలు నిండకముందే తెచ్చుకోకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు కూడా చెబుతున్నాయి. మూడవ వారం నుంచి సుమారు పద్నాలుగవ వారం వరకు పిల్ల మనసు లేతగా ఉంటుంది. ఆ రోజులలో గొడుగు, మోటారు సైకిలు, బడిపిల్లలు, డప్పు చప్పుడు, ఏవి దూరం నుంచి నెమ్మదిగా అలవాటైతే వాటికి అది పెద్దయిన తరువాత అంతగా బెదరదు. మెరుపుకు మేము డప్పును అలా అలవాటు చేయలేదు.

మొదట ఇంట్లో, నాలుగడుగుల దూరం నుంచి పిలవాలి. పిలుపు చిన్నదిగా ఉండాలి, ఇంటిల్లిపాదీ అదే మాట వాడాలి. నాన్న ‘దా’ అని, అమ్మ ‘ఇట్రా’ అని, పిల్లలు ఇంకొకటి అని పిలిస్తే అది ఏది పట్టుకుంటుంది? ఒక్కసారే పిలవాలి. రాగానే ఆ క్షణంలోనే గోరంత ఉడికించిన కోడిగుడ్డు ముక్కో, కోడిమాంసం ముక్కో నోటికి అందించి, మెచ్చుకుని, తిరిగి ఆటకు వదిలిపెట్టాలి. ఆ వదిలిపెట్టడం చాలా ముఖ్యం. పిలిచిన ప్రతిసారీ గొలుసు వేస్తే, పిలుపు అంటే ఆట ముగియడమని దానికి అర్థమవుతుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి వదిలేయండి. స్నానానికి, సూదిమందుకు, గోళ్ళు కత్తిరించడానికి దానిని పిలవకండి, మీరే దాని దగ్గరకు వెళ్ళి ఎత్తుకుని రండి. ఇంట్లో కుదిరిన తరువాత పెరటిలో, పెరటిలో కుదిరిన తరువాత పొడవైన తాడు కట్టి తోటలో నేర్పాలి. గ్రేహౌండ్‌కు ఆ తాడును మెడకు కాకుండా రొమ్ముకు వేసే పట్టీకి కట్టండి, పొడవు కూడా తగ్గించండి. ఆ వేగంలో తాడు ఒక్కసారిగా ఆగితే మెడకు ప్రమాదం.

ఇంత నేర్పినా గ్రేహౌండ్‌ను కంచె లేని చోట వదలకండి. పరుగెత్తే ప్రాణి దాని కంట పడ్డ తరువాత మీ గొంతు దాని చెవికి ఎక్కదు. అది మొండితనం కాదు, వందల ఏళ్ళుగా మనుషులు దానిని అందుకే ఎంచి పెంచారు. పైగా చెవులపిల్లి వంటి అడవి జంతువులను కుక్కలతో వేటాడించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కంచెలో సర్కారు తుమ్మ గానీ ముళ్ళతీగ గానీ ఉంటే ముందు దాని సంగతి చూడండి. ఈ జాతి చర్మం చాలా పలుచన, మామూలు కుక్కకు గీత పడే చోట దీనికి చీలిక పడుతుంది. శస్త్రచికిత్స అవసరమైతే ఇది గ్రేహౌండ్ అని వైద్యులకు తప్పక చెప్పండి. కొన్ని రకాల మత్తుమందుల ప్రభావం వీటి శరీరం నుంచి త్వరగా దిగిపోదు.

శిక్షణ వేళ గురించి కూడా ఒక మాట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలలో తెల్లవారుజామున తప్ప కుక్కను బయటకు తీయకండి. అరచేయి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టి చూడండి. మీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. వగరుస్తూ తూలిపోతుంటే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలయ్యే పార్వో వంటి వ్యాధుల టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, వేళకు నట్టల మందు, ఇవి పశువైద్యులు చెప్పినట్లు చేయించండి. ఏ కుక్క కరిచినా వెంటనే ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

మెరుపు విషయానికి వస్తే, చెడిపోయిన ‘దా’ అన్న మాటను మేము పూర్తిగా వదిలేశాము. పిలుపు ఒకసారి భయంతో ముడిపడితే దానిని బాగుచేయడం కంటే కొత్తది నేర్పడం తేలిక. గరిటె చప్పుడే దాని కొత్త పిలుపు అయింది. బావగారు మూడు నెలల పాటు ప్రతి సాయంత్రం నేల మీద కూర్చుని, పళ్ళెం తట్టి, వచ్చినప్పుడల్లా చేతితో ముద్ద తినిపించారు. వేసవి వచ్చేసరికి అది తోట చివర నుంచి కూడా ఆయన చప్పుడుకు రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు దానికి పదకొండేళ్ళు దాటాయి, చెవులు మందగించాయి. గరిటె చప్పుడు దానికి వినబడదు. అయితే గరిటె తట్టేటప్పుడు ఎడమ చేతిని తలపైకి ఎత్తడం మా మేనకోడలికి మొదటి నుంచి అలవాటు. కంటితో బతికే జాతి కనుక మెరుపు ఆ చేతిని కూడా గుర్తు పెట్టుకుంది. ఈ రాత్రి మీరు మీ కుక్కకు గిన్నె పెట్టేటప్పుడు ఒక్కసారి పిలిచి, దానితో పాటు చేయి కూడా పైకి ఎత్తండి.